కర్త తెలియదు

బీరకాయలు చెక్కు తీస్తుంటే వరప్రసాద్ వచ్చాడు. తలుపు తీసి, మళ్ళీ వచ్చి పీట మీద కూచున్నాను. కింద పరిచిన పాత వారపత్రిక మీద చెక్కు పడుతోంది. అతను కూలరుకి ఎదురుగా కుర్చీ జరుపుకుని, మంచినీళ్ళు తాగి, భుజానున్న సంచీలోంచి ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు. టేప్‌రికార్డరు, ఇంగ్లీషులో టైపు చేసిన కాయితం, ఊదారంగు ఇంకు ప్యాడ్.

"మీరేం శ్రమ పడక్కర్లేదమ్మగారూ. నాలుగు పాటలు పాడి, ఈ కాయితం మీద వేలు వేస్తే చాలు. మిగతాదంతా నేను చూసుకుంటాను," అన్నాడు.

మిగతాదంతా చూసుకోవడం మా ఆయనకీ బాగా అలవాటు. ఆయన పేరు రాధాకృష్ణమూర్తి. ఢిల్లీలో ఒక విశ్వవిద్యాలయంలో తెలుగు ప్రొఫెసరు. పల్లె ఆడవాళ్ళ పాటలు సేకరించి పుస్తకం వేసి పెద్ద పేరు తెచ్చుకున్నారు. ఆయన పోయాక యూనివర్సిటీ క్వార్టరు ఖాళీ చేసి నేను జనక్‌పురిలో ఈ చిన్న ఇంట్లోకి వచ్చాను. ఆయన గది, ఆయన కుర్చీ శిష్యుడైన వరప్రసాద్‌కి వచ్చాయి. ప్రొఫెసరు పదవి మాత్రం ఇంకా రాలేదు. అదే అతని బెంగ.

నా ముందు అతను ఏదీ దాచుకోడు. గోడవార పడుకున్న పిల్లి ముందు మనం ఎంత మాటైనా మాట్లాడతాం, అలాగ. యూనివర్సిటీవాళ్ళు ఏటా ఒక నివేదిక అచ్చు వేస్తారు. ఎంతమందికి చదువు చెప్పారు, ఎవరు ఏ పరిశోధన చేశారు, ఏ సంఘం ఏం తీర్మానించింది, అన్నీ అందులో ఉంటాయి. దాన్ని తీసుకెళ్ళి కోర్టు అనే పెద్ద సభ ముందు పెడతారు. మా ఆయన పోయాక తెలుగు శాఖ పేజీలో పరిశోధన అన్నచోట ప్రతిసారీ 'నిల్' అని పడుతోందిట. ఈసారి కూడా అదే పడితే శాఖని తీసుకెళ్ళి ఇంకో శాఖలో కలిపేస్తానని వైస్ ఛాన్సలర్ అన్నాడుట. ప్రతి శాఖా తను చేసిన గొప్ప పని ఒకటి నిండు పేజీలో ఫోటోతో సహా చూపించాలిట. అందుకని మూర్తిగారి పుస్తకానికి వరప్రసాద్ రెండో సంపుటం తెస్తున్నాడు. పాటలన్నీ నేను పాడాలి. వాటిలో మేలైన పాట నివేదికలోకి ఎక్కుతుంది, దాని వెనకాలే అతను ప్రొఫెసరు పదవిలోకి ఎక్కుతాడు.

"కాయితంలో ఏముంది బాబూ?" అని అడిగాను.

"ఏం లేదమ్మగారూ. ఈ పాటలు మీ సొంతం కాదు, జనం సొంతం అని. మీకు చదువు రాదు కాబట్టి ఇవి పూర్వం నుంచి నోటి మీద వచ్చినవే, కల్పించినవి కావు అని. ఉత్త ఫార్మాలిటీ."

ఇవాళ గొంతు బాగాలేదు, వచ్చే ఆదివారం రమ్మని పంపించాను. అతను మెట్లు దిగిన చప్పుడు విన్నాక వారపత్రిక మీది బీరచెక్కుని పక్కకి తోసి, అతను బెల్లు కొట్టినప్పుడు ఆపేసిన సీరియల్ని ఆ వాక్యం నుంచే మళ్ళీ చదవడం మొదలుపెట్టాను.

మా ఆయన నాకు మేనమామ కొడుకు. మా ఇంట్లో తమ్ముళ్ళని బడికి పంపారు, నన్ను తిరగలి ముందు కూచోబెట్టారు. అమ్మ విసురుతూ పాడేది, ఆమెకి ఎదురుగా పిడి పట్టుకుని నేనూ పాడేదాన్ని. ఢిల్లీ వచ్చిన కొత్తలో నాకు అక్షరాలు నేర్పమని ఆయన్ని అడిగాను. అప్పటికే ఆయన గడప మీద కూచుని, నేను వంట చేస్తూ పాడే పాటలు రాసుకోవడం మొదలుపెట్టారు. నా మాట విని నవ్వారు. "నీకు అక్షరాలొస్తే నీ పాట పాడైపోతుంది కమలా. చదువుకున్నవాళ్ళ పాటలో పుస్తకం వాసన వస్తుంది. నువ్వు చదువురానిదానివి కాబట్టే నీకు ఈ విలువ," అన్నారు. కొన్నాళ్ళకి మళ్ళీ అడిగితే విసుక్కున్నారు. ఇంకోసారి, వీధి చివర పిల్లలకి చెప్పే టీచరమ్మ దగ్గర నేనే పలక కొనుక్కుని కూచుంటే, విషయం తెలిసి ఆ సాయంత్రమే వెళ్ళి ఆవిడతో మర్యాదగా మాట్లాడి వచ్చారు. మర్నాటి నుంచి ఆవిడ నా మొహం చూడలేదు. ఆయన కొట్టే మనిషి కాదు. అరిచే మనిషీ కాదు. పచ్చడి జాడీలో తడి చెయ్యి పడకుండా చూసుకున్నట్టు, నాలో అక్షరం పడకుండా చూసుకున్నారు.

ఏటా నివేదిక రాసే రోజులొస్తే మా ముందుగది ఆఫీసయ్యేది. సైక్లోస్టైలు కాయితాలు నేల నిండా పరిచి ఉండేవి. అంకెలు వచ్చు కాబట్టి వాటిని వరసపెట్టే పని నాకు అప్పగించేవారు. బొద్దింకలు కొట్టకుండా కాపలా కాసేదాన్ని, వచ్చినవాళ్ళకి కాఫీలు పెట్టేదాన్ని. పీహెచ్‌డీ పరీక్షకి హైదరాబాదు నుంచి ఎవరొచ్చినా మా ఇంట్లోనే పెసరట్లు, ఉల్లిపాయ పులుసు. తిన్నాయన బావుందనేవాడు మా ఆయనతో. ఆ నివేదికల్లో కొత్తగా కొన్న బీరువాల లెక్క ఉండేదిట, కారు డ్రైవర్ల లెక్క కూడా ఉండేదిట. నా వంటిల్లు లేదు. ఒకసారి హిందీ శాఖవాళ్ళు భోజనానికొచ్చినప్పుడు, మీ శ్రీమతిగారు ఏం చదువుకున్నారని ఒకావిడ అడిగింది. "అంగూఠా ఛాప్," అన్నారు మా ఆయన, బొటనవేలు పైకెత్తి చూపించి, పెద్ద గర్వంగా. అందరూ నవ్వారు. నాకు ఆ మాట తెలియక నేనూ నవ్వాను. తరవాత గిన్నెలు తోముతుంటే పనిమనిషి దాని అర్థం చెప్పింది. వేలిముద్రది అని.

అమ్మ పాటలు కొన్నాళ్ళకి అయిపోయాయి. ఇంకేం లేవా, ఇంకేం లేవా అని ఆయన అడుగుతూ ఉండేవారు. ఉన్నాయి. కూరలు తరుగుతూ, బట్టలు పిండుతూ నాలో నేను కట్టుకున్నవి. ఎవరికీ వినిపించాలని కట్టినవి కావు. మాకొక పిల్లాడు పుట్టాడు. పాకడం మొదలుపెట్టాక, ఢిల్లీ ఎండల్లో విరేచనాలు పట్టుకుని పోయాడు. వాడి గుడ్డలు ఇంకా తీగ మీదే ఉన్నాయి. కొళాయి దగ్గర ఏదో ఉతుకుతుంటే పాట దానంతటదే వచ్చింది. ఆపుకోలేక పాడుకున్నాను. చేతులు తుడుచుకుంటూ లోపలికి వస్తే ఆయన గడప మీద కూచుని ఉన్నారు, ఒళ్ళో కాయితాలు. తలెత్తకుండా, "ఆ మూడో చరణం మళ్ళీ అను," అన్నారు.

నేను అన్నాను. వాడు ఆయన కొడుకు కూడా. ఏడవడానికి ఆయనకి ఇదొక దారేమో అనుకున్నాను.

ఆయన పోయాక, క్వార్టరు దొరక్క ఎయిర్‌ఫోర్సు సార్జెంటు కుటుంబం ఒకటి మా కింద వాటాలో దిగింది. ఆ సార్జెంటు భార్య లీలావతిది చిత్తూరు వైపు. ఆదివారాలు చుట్టుపక్కల తెలుగు పిల్లల్ని పోగేసి అ ఆలు చెప్పేది. పిల్లలు హిందీలో పోట్లాడుకుంటూ తెలుగు రాసేవాళ్ళు. నేను వాళ్ళ వెనకాల కూచున్నాను. నవ్వుతుందేమోనని భయపడ్డాను. "ఏమక్కా, ఇన్నాళ్ళూ యాడుంటివి?" అని పలక చేతికిచ్చింది, అంతే. గుణింతాలు వచ్చాయి, ఒత్తులు వచ్చాయి. షాపు బోర్డులన్నీ హిందీలో, ఇంగ్లీషులో ఉండే ఊళ్ళో తెలుగు అక్షరం ఎక్కడ కనబడినా ఆగి చదివేదాన్ని.

మొదట చదివిన పుస్తకం మా ఆయనదే. ట్రంకుపెట్టె అడుగు నుంచి తీశాను. అమ్మ పాటలు వరసగా ఉన్నాయి. అమ్మ పేరు ఎక్కడా లేదు. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ పోతుంటే నా పాటలు రావడం మొదలుపెట్టాయి. తరవాత ఒక పేజీలో నా కొడుకు వచ్చాడు. చరణాలన్నీ ఉన్నాయి, మూడోదానితో సహా. కింద చిన్న అక్షరాల్లో ఇలా ఉంది: 'పాడినది: క., స్త్రీ, నిరక్షరాస్య. కర్త తెలియదు. రెండు వందల ఏళ్ళ నాటిది కావచ్చు.'

ఆ పూట పొయ్యి వెలిగించలేదు. ఆయనకి తెలుసు. ఆ కొళాయి తెలుసు, ఆ ఎండ తెలుసు, ఆ పిల్లాణ్ణి గుడ్డలో చుట్టి ఎత్తుకుని తీసుకెళ్ళింది ఆయనే. తెలిసి రాశారు, కర్త తెలియదని. నేను ఏడవలేదు. లీలావతి దగ్గర పెన్ను అడిగి తెచ్చి ఆ రెండు మాటలూ కొట్టేశాను. పక్కన వంకర టింకరగా 'వీడి అమ్మ' అని రాశాను. పలక మీద కాకుండా కాయితం మీద నేను రాసిన మొదటి మాట అది. రాసి చూసుకున్నాక కూడా కోపం తగ్గలేదు. నా పెట్టెలో పుస్తకం మీద నేను రాసుకుంటే ఎవరికి తెలుస్తుంది? చచ్చిపోయిన మనిషిని ఎక్కడ పట్టుకోవాలి? అలా ఉండగానే వరప్రసాద్ వచ్చాడు, ఇంకు ప్యాడ్ పట్టుకుని. ఆయన్ని పట్టుకునే చోటు అతనే చూపించాడు.

లీలావతి పిల్లలతో ఒక ఆట ఆడించేది. పేరులో అక్షరాలని ఒకదాని కింద ఒకటి రాసి, ఒక్కో అక్షరంతో ఒక్కో వాక్యం కట్టాలి. ఆ వారం నేను ఆ ఆట ఆడాను. ఆరు అక్షరాలు రాసుకుని ఆరు పంక్తుల తిరగలి పాట కట్టాను. క దగ్గర కష్టం లేదు, మ దగ్గర లేదు. ల దగ్గర ఆగిపోయాను. మదర్ డైరీ వరసలో పాలక్యాను పట్టుకుని నిలబడ్డప్పుడు, చిన్నప్పుడు ఆడుకున్న లక్కపిడతలు గుర్తొచ్చి గట్టిగా నవ్వేశాను. వెనకావిడ "క్యా హువా ఆంటీ?" అంది. చివరి పంక్తి వెతుక్కోనక్కర్లేకపోయింది. ది అనగానే దిగులు వచ్చి కూచుంది.

ఆదివారం వరప్రసాద్ మళ్ళీ వచ్చాడు. ముందు ఫోటో అన్నాడు. నన్ను వంటింటి గట్టు ముందు నిలబెట్టి, కెమెరాలో చూసి, మిక్సీని పక్కకి జరిపాడు. కళ్ళజోడు తీసెయ్యమన్నాడు. తరవాత టేప్‌రికార్డరు నొక్కి, పెన్ను కూడా తీశాడు. నేను ఒక పంక్తి పాడి, ఊపిరి తీసుకుంటున్నట్టు ఆగి, అతని పెన్ను ఆ వరస చివరికి వెళ్ళేదాకా చూసి, రెండోది పాడాను.

కరకరా విసిరేను కాపురం గడిపేను
మసిబట్ట చేతిలో మాపటి దాకాను
లక్కపిడతంతిల్లు లోకమనుకున్నాను
రాతి తిరగలి అరిగె రాగమరగలేదు
సింగారి కోడలని చెప్పుకున్నారమ్మ
దిగులేమిటని ఎవరు అడిగింది లేదమ్మ

వరప్రసాద్ కళ్ళు మెరిశాయి. "శుద్ధ జానపదం అమ్మగారూ. ఎక్కడా పుస్తకం వాసన లేదు," అన్నాడు. గురువుగారి మాటే. ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడిగాడు. మా అమ్మమ్మ వాళ్ళమ్మ పాడేదని అమ్మ చెప్పేదన్నాను. చేతివేళ్ళ మీద ఏదో లెక్క కట్టి రాసుకున్నాడు. తరవాత నా బొటనవేలు పట్టుకుని ప్యాడ్ మీద అద్ది, కాయితం మీద నొక్కాడు. నేను వేలు వదులుగా ఉంచాను. ఎంత సబ్బు పెట్టి తోమినా ఆ ఊదారంగు పోలేదు. పోనీలే, ఉండనీ అనుకున్నాను.

ఢిల్లీలో ఆ ప్రెస్సువాళ్ళ దగ్గర తెలుగు అచ్చక్షరాలు లేవుట. అతని దస్తూరి ముత్యాల్లా ఉంటుంది. తనే స్వయంగా రాసి, ఆ రాతనే బ్లాకు చేయించి అచ్చు వేయించానని ఫోనులో చెప్పాడు. నివేదిక పెట్టే రోజు కోర్టు సమావేశానికి మీరు రావాలి, శాలువా కప్పుతారు, పాట పాడాలి అన్నాడు. కింద వాటాలో ఆ ఫోను తీసింది లీలావతే. కోర్టు అన్నమాట విని ఆమెకి కంగారు పుట్టింది.

"ఏందక్కా, కోర్టులో కేసేస్తాండావా?"

"ఆ కోర్టు తీర్పులు చెప్పదే. నివేదిక ముందుపెడితే బల్లలు చరుస్తుందిట."

"మడి నువ్వేం జేస్తావు ఆడ?"

పాట పాడతానన్నాను. ఆమె నా మొహంలోకి చూసి, తనూ వస్తానంది.

ధౌలా కువాన్‌లో బస్సు మారి వెళ్ళాం. పెద్ద హాలు, చల్లటి ఏసీ, కుర్చీకి ఒకటి చొప్పున నివేదికలు. నున్నటి కాయితం. అంకెల పట్టీలు, పట్టాలు పుచ్చుకుంటున్న పిల్లల ఫోటోలు దాటి తెలుగు శాఖ పేజీ తీశాను. ఒక పక్క కళ్ళజోడు లేని నేను. రెండో పక్క వరప్రసాద్ దస్తూరీలో నా పాట, పంక్తి కింద పంక్తి. అడుగున తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. తెలుగు చదివాను. 'నిరక్షరాస్య స్త్రీ నోట సేకరించినది. కర్త తెలియదు.' కిందినుంచి మళ్ళీ పైకి చూశాను. ఒక్క పంక్తి కూడా కదల్లేదు.

వేదిక మీద వైస్ ఛాన్సలర్ పక్కన హైదరాబాదు నుంచి వచ్చిన కృష్ణకుమారి అనే ప్రొఫెసరమ్మ కూచుంది. వరప్రసాద్‌కి ప్రొఫెసరు పదవి ఇవ్వాలో వద్దో చెప్పేవాళ్ళలో ఆవిడ ఒకరని అతనే చెప్పాడు. తెలుగు పేజీ వంతు వచ్చినప్పుడు సభ్యుడొకాయన లేచి, ఇది పాత పాటే అనడానికి రుజువేమిటని హిందీలో అడిగాడు. వరప్రసాద్ చెయ్యి నా వైపు చాపాడు.

"రుజువు ఆవిడే సర్. షీ ఈజ్ టోటల్లీ ఇల్లిటరేట్."

ఇల్లిటరేట్ అంటే అంగూఠా ఛాప్ అని ఇప్పుడు నాకు తెలుసు. బల్లలు చరిచారు. శాలువా కప్పి మైకు ఇచ్చారు. పాడాను. తొందరపడకుండా, పంక్తి పంక్తికీ ఆగి పాడాను. చప్పట్లు అయ్యాక కూడా మైకు వదల్లేదు.

"అమ్మా, కృష్ణకుమారిగారూ. ఆ పేజీ మీ ముందుందా?"

"ఉందమ్మా," అంది ఆవిడ, ఆప్యాయంగా.

"ప్రతి వరసలోనూ మొదటి అక్షరం చూడండి. పైనుంచి కిందికి."

ఆవిడ వేలు పేజీ మీద పెట్టింది. అది మెల్లిగా దిగడం నేను చూశాను. సగంలో ఆగింది. మళ్ళీ దిగింది. చివరికొచ్చాక ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను చూసి, మైకు దగ్గరికి లాక్కుంది.

"కమల రాసింది," అని చదివింది.

హాల్లో తెలుగు వచ్చినవాళ్ళు నలుగురో అయిదుగురో ఉంటారు. వాళ్ళు పేజీలు తిప్పుతున్న చప్పుడు వినబడింది. వైస్ ఛాన్సలర్ ఏమైందని అడిగితే ఆవిడ ఇంగ్లీషులో చెప్పింది. అక్షరం తెలియనివాళ్ళు అక్షరాల మీద పాట కట్టలేరని కూడా చెప్పి ఉంటుంది. ఆయన పేజీ వంక, నా వంక చూసి, వరప్రసాద్ వంక చూడ్డం మొదలుపెట్టాడు.

"కాకతాళీయం సర్... ఏదో పొరపాటు... అమ్మగారికి రాయడం రాదు," అన్నాడు వరప్రసాద్.

"రాసింది నువ్వే కదా బాబూ," అన్నాను. "అది నీ దస్తూరీయే."

ఎవరో నవ్వారు. ఈసారి నాకు అర్థం ఎవరూ చెప్పనక్కర్లేదు. కృష్ణకుమారి మాత్రం నవ్వలేదు. మూర్తిగారి పుస్తకంలో కూడా మీరు కట్టినవి ఉన్నాయా అని నెమ్మదిగా అడిగింది. ఉన్నాయన్నాను. ఏవి, అంది. నేను మైకు బల్ల మీద పెట్టి, శాలువా మడిచి దాని పక్కన పెట్టి, లీలావతి పక్కకి వచ్చి కూచున్నాను.

రెండో సంపుటం ఆగిపోయింది. ప్రొఫెసరు పదవి ఆగిపోయింది. మా ఆయన పేరు మీద ఏటా పెట్టాలనుకున్న ఉపన్యాసం ఆగిపోయింది. ఆయన పుస్తకాన్ని పాఠంగా పెట్టిన చోటల్లా ఏ పాట నమ్మాలో ఏది నమ్మకూడదో తెలీక తీసేస్తున్నారని వినికిడి. ఒకరోజు వరప్రసాద్ ఆ పుస్తకం, ఎర్ర పెన్సిలు తీసుకుని వచ్చాడు. బాగా చిక్కాడు. కుర్చీలో కూచోలేదు, నేల మీదే కూచున్నాడు.

"మీవి ఏవో టిక్కు పెట్టండమ్మగారూ. మీ పేరుతోనే వేయిస్తాను. మిగతావి పాతవని నిలబడతాయి. లేకపోతే మొత్తం పుస్తకం పోతుంది. సర్ జీవితమంతా అదే కదా."

పుస్తకం తీసుకున్నాను. మెల్లిగా పేజీలు తిప్పాను. అమ్మవి ఏవో, నావి ఏవో ఒక్కొక్కటీ నాకు తెలుసు. పిల్లాడి పాట దగ్గర కాసేపు ఆగాను. వాడి పేజీ నా పెట్టెలో సరిగ్గానే రాసి ఉంది. ఇక్కడ దిద్దితే ఆయన బతికిపోతారు. పుస్తకం మూసి, పెన్సిలు దాని మీద పెట్టి, రెండూ అతని చేతిలో పెట్టాను.

"చదువురానిదాన్ని కదా బాబూ, నాకేం తెలుస్తుంది?" అన్నాను.

మరుసటేడు నివేదిక వచ్చిందని కృష్ణకుమారి ఒక ప్రతి పోస్టులో పంపింది. అందులో తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. లీలావతి పిల్లని కూచోబెట్టుకుని హిందీ అక్షరాలు నేర్చుకున్నాను. వానాకాలం వెళ్ళేసరికి తెలుగు శాఖ పేజీ వెతికి, పరిశోధన అన్నచోట వేలు పెట్టి, కూడబలుక్కుని నేనే చదివాను. శూన్య.